నలభై రెండు కాగితాల జిరాఫీ

మార్చి 4, మంగళవారం, మధ్యాహ్నం

అది కాదట.

ఈ ఒక్క మాట ముందు రాసి పెట్టుకుంటే గానీ మిగతాది రాయలేను. అది కాదట.

నాలుగు నెలలుగా ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరమూ పలకలేదు. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచీ ఆయనా, అమ్మాయీ, నేనూ ఎవరి ఫోన్లో వాళ్లం చదివేశాం. ఒకరికొకరం ఏమీ తెలియనట్టు తిరిగాం. ఇవాళ డాక్టరుగారు ఆయన చేత కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయించారు. నీళ్ల గ్లాసు ఎత్తించారు. వరండాలో ఆ చివరి దాకా నడిపించారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మీరు భయపడుతున్నది కాదండీ ఇది, ఉత్త వణుకు, పని చేసేటప్పుడు వస్తుంది, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పోతుంది అన్నారు. మీ నాన్నగారికి ఉండేదా అని అడిగారు. ఉండేదట. మామగారు టీ ఎప్పుడూ సాసర్లో పోసుకుని, రెండు చేతులతో పట్టుకుని తాగేవారు. అదో అలవాటనుకున్నాను ఇన్నేళ్లూ.

ఉదయం అర, సాయంత్రం అర మాత్ర. ప్రాణభయం లేదు. మంచాన పడడం ఉండదు. ఆయన ఒకే ఒక్కటి అడిగారు, బ్రష్ పట్టొచ్చా అని. పట్టుకుని చూడండి అన్నారు డాక్టరుగారు. అది అవుననడమో కాదనడమో నాకు బోధపడలేదు.

లిఫ్టులో కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మధ్యలో ఎక్కినావిడ నాకు కళ్లు తిరుగుతున్నాయనుకుని మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

మార్చి 5

రాత్రి ముగ్గురమూ నిద్రపోయాం. ఇది కూడా రాసుకోదగ్గ సంగతే అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

మార్చి 8, శనివారం

పదకొండింటికే ఇంటికి వచ్చేశారు. చొక్కా మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా సుద్దపొడి. గోడ మీద గీసింది చొక్కా చేత్తోనే తుడిచేసి ఉంటారు. చెప్పులు విప్పి, చెయ్యి కడుక్కోకుండానే పడుకున్నారు. తలనొప్పా అన్నాను. ఊఁ అన్నారు.

ఆయన బోర్డులు రాసేవారు. ఇప్పుడు బోర్డులన్నీ మిషన్ల మీద అచ్చు వేస్తున్నారు కాబట్టి గోడ బొమ్మలు వేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లుగా చేతిలో పని అదే. మా వీధి చివర చిన్నపిల్లల బడి ఉంది. అక్కడ ఏప్రిల్ ఒకటో తారీఖున కొత్త గది తెరుస్తారు. ఆ గది తలుపు పక్క గోడ మీద, ఆరడుగుల ఎత్తు నాలుగడుగుల వెడల్పున, జిరాఫీ బొమ్మ వెయ్యాలి. బొమ్మ ఆయనే నోటుపుస్తకంలో గీసి చూపించారు, చెయ్యి ఇంకా మాట వింటున్న రోజుల్లో. ఒక చిన్నపిల్ల మునివేళ్ల మీద లేచి ఆకుల రెమ్మ అందిస్తుంటే జిరాఫీ మెడ వంచి మూతితో అందుకుంటుంది. హెడ్మిస్ట్రెస్‌గారు చూసి అక్కడికక్కడే ఖాయం చేసేశారు.

గోడ మీద పెద్ద గీత ఆయనెప్పుడూ కంటి కొలతతోనే గీస్తారు. పొడుగు కర్ర చివర సుద్ద కట్టి, దూరంగా నిలబడి, భుజం నుంచి చెయ్యి కదిలిస్తారు. గళ్లు వేసుకుని గీసేవాళ్లని చూస్తే ఆయనకి నవ్వు.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్‌గారు నాకు ఫోన్ చేశారు. మెడ గీత మొదలుపెట్టగానే సుద్ద వంకర్లు తిరిగిందట. తుడిచి మళ్లీ గీశారట. మళ్లీ అంతే. పిల్లలు చుట్టూ చేరి, తాతా అది పామా అని అడిగారట. అవునమ్మా పామే అని, దానికో కన్నూ నాలుకా పెట్టి, పిల్లలు తరగతుల్లోకి పోయాక మొత్తం తుడిచేశారట. ఇంకెవరినైనా చూసుకోండి మేడమ్ అని, తీసుకున్న అడ్వాన్సు బల్ల మీద పెట్టి వచ్చేశారట. ఆవిడ ఆ కవరు అలాగే ఉంచాననీ, నెలాఖరు దాకా ఎవరినీ పిలవననీ చెప్పారు. ఆయనకి ఈ ఫోన్ సంగతి చెప్పొద్దన్నారు. చెప్పలేదు.

పాముకి కన్ను పెట్టడానికి ఎంత ఓపిక కావాలి.

మార్చి 9

బ్రష్‌లన్నీ కడిగారు. ఒక్కటి కూడా వదలకుండా. ఎండబెట్టి, సైజుల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి, పాత పేపర్లో చుట్టి అటక మీద పెట్టేశారు. నేను కుర్చీ పట్టుకున్నాను, పడిపోకుండా.

నా పెళ్లయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఏదో ఒక బ్రష్ ఎక్కడో అక్కడ తడిగానే ఉంది.

మార్చి 11, మంగళవారం

అది కాదని చెప్పినందుకు దేవుడికి రోజూ దణ్ణాలు పెడుతున్నాను. ఆ దణ్ణం చివర ఇంకో కోరిక నోటిదాకా వస్తోంది, సిగ్గుపడి మింగేస్తున్నాను. ప్రాణం ఇచ్చినాయన్ని పని కూడా ఇమ్మని అడిగితే అత్యాశ అవుతుందేమో.

ఆయన రోజూ పదింటికి పెయింట్ల షాపుకి పోయి కూర్చుంటున్నారు. ఒంటిగంటకి వస్తున్నారు. అక్కడేం చేస్తారని అడిగితే, డబ్బాలు చూస్తాను అన్నారు.

ఇవాళ ఒక దుప్పటి అంచుకి పూల డిజైన్ ఎత్తుతున్నాను. నా పని కుట్టుపని. ట్రేసింగ్ కాగితం మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, కాగితాన్ని బట్ట మీద పరిచి నీలంపొడి అద్దుతాం. కాగితం ఎత్తేస్తే బట్ట మీద చుక్కలు చుక్కలుగా పువ్వు ఉంటుంది. పదిహేనేళ్లుగా చేస్తున్నాను, దాన్నొక తెలివి అని ఎప్పుడూ అనుకోలేదు. ఇవాళ కాగితం ఎత్తి ఆ చుక్కలు చూస్తూ అలా ఉండిపోయాను. గోడ మాత్రం ఏముంది, నిలబెట్టిన బట్టే కదా.

అమ్మాయి చెవిన వేశాను. అది ఆఫీసు పని ఇంట్లోనే చేసుకుంటుంది, ఆఫీసు వాళ్లిచ్చిన ప్రింటర్ ఉంది. అంత పెద్ద కాగితం మన ప్రింటర్లో పట్టదు కదే అన్నాను. పెద్ద కాగితం ఎందుకమ్మా, బొమ్మని ముక్కలు చేసి మామూలు కాగితాల మీదే వేసి అతికించొచ్చు, పోస్టర్ అని ఆప్షనే ఉంది అంది. తర్వాత కాసేపు నా ముఖంకేసి చూసి, నాన్నకి చెప్పవా అంది. చెబితే వద్దంటారు అన్నాను. నువ్వు దొంగపని చేస్తానంటే నేను సెలవు పెట్టయినా వస్తాను అంది.

మార్చి 12, పదింటి నుంచి ఒంటిగంట వరకు

ఆయన అటు వీధి మలుపు తిరగ్గానే నోటుపుస్తకం తీశాం. కిటికీ దగ్గర వెలుతురులో అమ్మాయి ఫోన్‌తో ఫోటో తీసింది. పెన్సిలు మరకలు, కాఫీ చుక్క తీసేసి గీతలు మాత్రం ఉంచింది. అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు. నలభై రెండు కాగితాలు. మూలల్లో నంబర్లు పడేట్టు పెట్టింది.

మొదటి కాగితం రాగానే నేను టేపు పెట్టి కొలిచాను. పది సెంటీమీటర్లని వేసిన గీత తొమ్మిదిన్నరే ఉంది. అమ్మాయి ఒప్పుకోలేదు. కంప్యూటర్ తప్పు చెయ్యదు అంది. నా టేపు మీద పదిహేనేళ్లుగా జాకెట్లు నిలబడ్డాయి, నీ కంప్యూటర్ మీద ఏం నిలబడింది అన్నాను. వెతికింది. ఫిట్ టు పేజ్ అన్న దగ్గర టిక్కు పెట్టి ఉందట. అది ప్రతి కాగితాన్నీ కొంచెం కొంచెం కుదించేస్తోంది. ఆ టిక్కు తీసి వంద శాతం అని పెడితే గీత పదికి పది వచ్చింది. ఏమంటావ్ అన్నాను. నువ్వు మా ఆఫీసులో చేరు అంది.

నలభై రెండూ వచ్చేసరికి పన్నెండున్నర. వేడివేడిగా ఉన్నాయి. బీరువాలో చీరల కింద పెట్టాను. ఆయన వచ్చి, ఇల్లు ఏదో వాసనేస్తోందే అన్నారు. ఇస్త్రీ చేశానన్నాను. అబద్ధం. రాత్రి దేవుడి దగ్గర ఒప్పుకున్నాను.

మార్చి 13

కాగితాలకి ఒక పక్క తెల్ల అంచు కత్తిరించి, రెండో కాగితం మీద అరంగుళం ఎక్కించి అతకాలి. వరసల వారీగా నేల మీద పేర్చుకుంటూ వచ్చాను. అయిదో వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నాలుగో వరసకీ అయిదో వరసకీ మధ్య కోత సరిగ్గా పిల్ల కళ్ల మీదుగా పోతోంది. పై కాగితంలో కనుబొమ్మలు, కింది కాగితంలో ముక్కు. కళ్లు కత్తెర దారిలో.

కత్తెర తెరిచాను, మూశాను. మళ్లీ తెరిచాను. నా వల్ల కాలేదు. బొమ్మే, తెలుసు. కానీ ఆయన గీసిన పిల్ల. అసలే చేతి కోసం దేవుణ్ణి బతిమాలుకుంటున్న రోజులు. ఈ సమయంలో ఒక పసిదాని కళ్ల మీద కత్తెర పెట్టి శుభమా అంటూ పని మొదలుపెట్టలేను.

అమ్మాయిని పిలిచి, బొమ్మని కొంచెం కిందికి జరపమన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వింది. అయినా జరిపింది. రెండంగుళాలు జరిపితే పిల్ల ముఖం మొత్తం అయిదో వరసలోకి దిగింది. అడుగున కాస్త గడ్డి పోతుంది. గడ్డే కదా.

మళ్లీ ప్రింట్ కొట్టబోతే ఇంకు అయిపోవచ్చిందని ప్రింటర్ మీద దీపం వెలిగింది. పై మూడు వరసల్లో ఏ కంటికీ ఏ ముఖానికీ కోత లేదు. జిరాఫీ కన్ను దేవుడి దయ వల్ల కాగితం నడిమధ్యన పడింది. బాగున్నవాటిని మళ్లీ వేసి పారెయ్యడం దేనికి, కింది నాలుగు వరసలే వెయ్యి అన్నాను. నిజమే కదా అని అమ్మాయి కూడా అంది. పంతొమ్మిది నుంచి నలభై రెండు దాకా వేసింది. చివరి కాగితం బూడిదరంగులో వచ్చింది, ఊపిరి అందనట్టు.

మార్చి 14

మూడు గంటల్లో పద్దెనిమిది కాగితాలు అతికాను. మోకాళ్లు పట్టేశాయి. అమ్మాయి మీటింగులో ఉండి కెమెరా ఆపేసి, టేపు ముక్కలు కత్తిరించి అందించింది.

మార్చి 16

మూడో వరసకీ నాలుగో వరసకీ అతికే చోట జిరాఫీ మెడ గీత కొంచెం పక్కకి తప్పింది, పావంగుళం ఉంటుందేమో. మచ్చలు కూడా ఒకదానికొకటి కలవలేదు. కుట్టులో ఇది రోజూ ఉండేదే. చెయ్యికీ చంకకీ కొలత కుదరకపోతే కాస్త లాగి, కాస్త వదిలి కలిపేస్తాం, తొడుక్కున్నవాళ్లకి కూడా తెలియదు. అలాగే మెడ గీతని సూదితోనే వాలుగా కలిపేశాను. మచ్చలు కూడా గుండ్రంగా సర్దాను. బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

కింద దుప్పటి నాలుగు మడతలు వేసి, సీసా బిరడాకి సూది గుచ్చి పట్టుకుని పొడుస్తున్నాను. టుక్ టుక్ టుక్. పొడిచినంత సేపూ ఒక్కో చుక్కకీ దేవుడి పేరు తలుచుకున్నాను. లెక్కపెట్టలేదు.

మార్చి 18, మంగళవారం

దొరికిపోయాం.

పదకొండుంబావుకి వచ్చేశారు. పెయింట్ల షాపాయన వాళ్ల వియ్యంకుడు వచ్చాడని షాపు మూశాడట. తలుపు తీసేసరికి గది నిండా జిరాఫీ. అడుగు పెట్టడానికి చోటు లేదు. నేను దాని పొట్ట దగ్గర బాసింపట్టు వేసుకుని సూదితో ఉన్నాను. అమ్మాయి కాళ్ల దగ్గర ఉంది.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. ఏం చేస్తున్నావ్ అని కూడా అడగలేదు, చూడగానే అర్థమైపోయింది. గోడకి కుట్టుపని చేస్తావా అన్నారు. సూది పక్కన పెట్టాను. అడిగితే వద్దంటానని అడగలేదా అన్నారు. అవునండీ అన్నాను.

అమ్మాయికి కోపం వచ్చేసింది. నీకోసమే కదా నాన్నా అమ్మ వారం నుంచీ నడుం విరగ్గొట్టుకుంటోంది అంది. నాకోసం చేస్తే నన్ను అడగాలమ్మా అన్నారు, గొంతు పెంచకుండా. చుక్కల మధ్య రంగు నింపమని పిల్లలకి పుస్తకాలు ఇస్తారు చూడు, అది ఇస్తున్నారా నాకు అన్నారు. చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీదికి పోయి కూర్చున్నారు.

ఆ మాట తగిలింది. ఆయనన్నందుకు కాదు, అందులో తప్పు లేనందుకు.

భోజనానికి పిలిస్తే వచ్చారు. జిరాఫీని చుట్టగా చుట్టి మంచం కిందికి తోసేశాను.

మార్చి 19, ఉదయం అయిదున్నర

దాచినందుకు తప్పు ఒప్పుకున్నాను. చేసినందుకు ఒప్పుకోలేకపోయాను. దేవుడి దగ్గర ఇంత పెంకితనం ఎప్పుడూ చెయ్యలేదు.

అదే రోజు, పది

టీ తాగుతూ, పిల్ల కంటి దగ్గర బెజ్జాలు దూరం దూరంగా పొడిచావు అన్నారు. ఏమిటీ అన్నాను. అంత దూరమైతే గోడ మీద కన్ను చెదిరిపోతుంది, దగ్గర దగ్గరగా ఉండాలి, తియ్యి చూపిస్తాను అన్నారు.

మంచం కింది నుంచి తీశాను. ఆయన వేలు పెట్టి చూపించారు. వేలు వణుకుతోంది, కానీ ఎక్కడ పెట్టాలో అక్కడే పెడుతోంది. ఇక్కడ, ఇక్కడ, ఊఁ, ఇంకొంచెం లోపలికి అంటుంటే నేను పొడిచాను. జిరాఫీ ముక్కు దగ్గర, ఇదేమిటి బటను కుట్టినట్టుంది అన్నారు. నవ్వాలా వద్దా తెలియలేదు.

అమ్మాయి తలుపు సందులోంచి చూసి చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయింది.

కుట్టుపెట్టె సర్దుకుంటూ నేనడిగాను, పెడదామా గోడకి అని. ఒకసారి చూద్దాం, బాగా లేకపోతే తుడిచేద్దాం, ఎలాగూ తుడవడం అలవాటైంది అన్నారు.

మార్చి 22, శనివారం, రాత్రి

మొదటి నుంచీ రాస్తాను.

ఈ శనివారం బడికి సెలవిచ్చారు. హెడ్మిస్ట్రెస్‌గారు తాళం తీసి, ఏమీ అడగకుండా తన గదిలోకి వెళ్లిపోయారు. మంచి మనిషి. ముగ్గురం కలిసి కాగితాన్ని గోడకి ఎత్తి టేపు వేశాం. నీలంపొడి పాత సాక్సులో పోసి మూతి కట్టి, పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాం. ఆయన కూడా తట్టారు. తట్టడానికి వణికే చెయ్యే మేలు, పొడి సమంగా పడుతోంది అన్నారు. తన చేతి మీద తనే జోకు వెయ్యడం నాలుగు నెలల్లో ఇదే మొదలు.

కాగితం దించాం. గోడ మీద జిరాఫీ ఉంది. చుక్కలతో ఉంది, పిల్ల ఉంది, రెమ్మ ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మాయి ఫోటో తీసుకుంది.

ఆయన ఆటస్థలం ఆ చివరికి నడిచి వెళ్లి చూశారు. మళ్లీ దగ్గరికి వచ్చారు. మళ్లీ వెళ్లారు. వచ్చి, మెడ ఎవరు అతికారు అని అడిగారు.

నేనే అన్నాను.

జేబులోంచి మడత పెట్టిన నోటుపుస్తకం కాగితం తీసి గోడకి పట్టి చూశారు. జానతో కొలిచారు. ఈ జిరాఫీకి మెడ రెండంగుళాలు పెరిగింది, రెమ్మ కాడ కూడా రెండంగుళాలు పెరిగింది, నేను గీసింది ఇది కాదు అన్నారు. అమ్మాయి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దానికి ముందు అర్థమైంది. పై మూడు వరసలూ మొదటి ప్రింటు, కింది నాలుగూ జరిపిన ప్రింటు. మూడో వరస అడుగున ఉన్న రెండంగుళాల మెడే నాలుగో వరస నెత్తిన మళ్లీ వచ్చి కూర్చుంది. గీత తప్పిందని నేను సర్దినదంతా అదే. ఇద్దరమూ కలిసి పప్పులో కాలేశాం. అందులోనూ నేను సూదితో అంత నీటుగా కలపకపోతే ఇంటి దగ్గరే బయటపడేది.

ఎందుకు జరిపారు అని అడిగారు. అమ్మాయి నావైపు చూసింది. చెప్పక తప్పలేదు. పిల్ల కళ్ల మీద కోత పడుతోంది, నాకు కత్తెర ఆడలేదు అన్నాను. చాలా చిన్నగా అన్నాను.

ఆయన ఒకసారి గోడ మీది పిల్లకేసి చూశారు, ఒకసారి నాకేసి. తర్వాత నవ్వారు. మామూలు నవ్వు కాదు. పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్ల కళ్లు కాపాడ్డానికి జిరాఫీ మెడ సాగదీశావన్నమాట అన్నారు. ఇంకా నయం, పిల్ల చెవులు కూడా కోతలో పడుంటే జిరాఫీ పక్కూరికి పోయేది అన్నారు. హెడ్మిస్ట్రెస్‌గారు ఏమైందో అని పరిగెత్తుకొచ్చారు. ఆవిడకి చెబితే ఆవిడ కూడా నవ్వారు. నేను తల వంచుకుని సాక్సు పట్టుకుని నిలబడ్డాను. సిగ్గు వేసింది, అయినా లోపల గుండె మీది బండ ఒకటి దొర్లినట్టైంది.

అమ్మాయి, పై మూడు వరసలూ మళ్లీ ప్రింట్ చేసుకొస్తాను నాన్నా, కొత్త ఇంకు కొంటాను, రెండు గంటలు అంది. అక్కర్లేదు అన్నారు. ఎవరికీ తెలియదు, అలాగే ఉంచేద్దాం అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. నాకు తెలుసు కదా మేడమ్ అన్నారు.

తడిగుడ్డ అడిగారు. మెడా తలా తుడిచేశారు, భుజం నుంచి చెవుల దాకా. రెమ్మ కూడా. నేను అన్ని రోజులు పొడిచిన చుక్కలు. నాకు పిసరంత కూడా బాధ వెయ్యలేదు. ఎందుకంటే తుడుస్తూనే, సుద్ద ఏది అన్నారు.

అమ్మాయి కర్రకి సుద్ద కట్టి ఇచ్చింది. ఆయన వెనక్కి నాలుగడుగులు వేసి, కుడి మణికట్టు కింద ఎడం అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఎప్పుడూ అలా పట్టుకునేవారు కాదు. నేను చూడలేకపోయాను. కొత్త గది తలుపు వైపు తిరిగి, తలుపు చెక్క మీద నుదురు ఆనించి దేవుణ్ణి పిలిచాను. ఇన్నాళ్లూ అత్యాశ అని మింగేసిన కోరిక ఆ క్షణాన నోరు తెరిచి అడిగేశాను. సుద్ద గోడ మీద నడిచే చప్పుడు. ఆగింది. మళ్లీ నడిచింది. చాలాసేపు.

తిరిగి చూస్తే మెడ ఉంది. రెండు గీతలు, భుజం నుంచి చెవి దాకా, రెండంగుళాలు కిందికి దిగిన తల, కురచైన రెమ్మ. పూర్వంలా నున్నగా లేవు. ఎక్కడెక్కడ చెయ్యి అదిరిందో నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనకీ కనిపిస్తుంది. తుడుస్తారేమో అని తడిగుడ్డ నా చేతిలోకి తీసుకున్నాను. ఆయన తల ఒక పక్కకి వంచి చూసి, జంతువు కదా, ఊపిరి పీలుస్తుంది, గీత కాస్త కదలాలి అన్నారు. అది నిజమో, తనకి తను చెప్పుకున్న ధైర్యమో నాకు తెలియదు. నేను పొడిచిన చుక్కల జిరాఫీ మాత్రం కుట్టిన బొమ్మలా ఉంది. దాని మీద ఆయన గీసిన మెడా తలా లేచి వచ్చేట్టున్నాయి.

ఇంటికి రాగానే కుర్చీ వేసుకుని అటక ఎక్కారు. నన్ను పట్టుకోమనలేదు. నేనే వెళ్లి పట్టుకున్నాను.

మార్చి 23

చెయ్యి నొప్పి అంటున్నారు. పని చేసిన నొప్పి.

మార్చి 26

రంగులు పడుతున్నాయి. గోడకి అడ్డంగా ఒక కర్ర ఆనించి దాని మీద మణికట్టు పెట్టుకుని వేస్తున్నారు. ఆ కర్ర ముసలివాళ్ల సరంజామా అని ఇన్నేళ్లూ వెక్కిరించారు. ఇప్పుడు దానికి మెత్తగా ఉండాలని నా చేత గుడ్డ తొడుగు కుట్టించుకున్నారు. చేతి గుండీ కూడా పెట్టాలా అని అడిగాను. పెట్టు, పెళ్లికి పోతోంది అన్నారు.

మార్చి 29, శనివారం

ఇవాళ పిల్ల కళ్లు వేశారు. అన్నిటికంటే చివర. రెండు కళ్లకీ రెండు గంటలు పట్టింది. పూర్వమైతే టీ చల్లారే లోపు అయిపోయేది. బడి పిల్లలు వరస కట్టి నేల మీద కూర్చుని చూశారు. ఒకడు, తాతా నీ చెయ్యి ఎందుకు ఊగుతోంది అన్నాడు. జిరాఫీకి చక్కిలిగిలి పెడుతున్నాను రా అన్నారు. అందరూ తమకి పెట్టమని ఎగబడ్డారు.

హెడ్మిస్ట్రెస్‌గారు ఆ అడ్వాన్సు కవరు తిరిగి ఆయన చేతిలో పెట్టారు. విప్పనైనా లేదు. లోపలి వరండాలో ఇంకో గోడ ఉంది, వేసవిలో వేస్తారా అని అడిగారు. చూద్దాం మేడమ్ అన్నారు. చూద్దాం అంటే ఆయన భాషలో అవునని.

దారిలో నడుస్తూ ఉన్నట్టుండి, ఈసారి కూడా నువ్వే పొడువు, మెడలూ ముఖాలూ నాకు వదిలెయ్యి అన్నారు. సరేనండీ అన్నాను. ఇంకో పది అడుగులు వేశాక, మళ్లీ కళ్ల మీద కోత పడిందనుకో, బొమ్మని జరపొద్దు, నన్ను పిలువు, నేను కోస్తాను అన్నారు.

ఆ మాటకి నాకు ఎందుకంత ఏడుపు వచ్చిందో తెలియదు. ముక్కు తుడుచుకుంటే దుమ్మా అన్నారు. దుమ్మే అన్నాను.

ఏప్రిల్ 3

నేను మంచినీళ్లు తాగే గ్లాసులో బ్రష్ నానేశారు. పచ్చరంగు. చూసుకోకుండా నోటి దాకా తెచ్చుకున్నాను.

తిట్టాను. వీధిలోకి వినపడేంత గట్టిగా తిట్టాను. ఆయన నోరెళ్లబెట్టి చూశారు. అమ్మాయి మీటింగులోంచి లేచి వచ్చింది.

దేవుడా, రేపు కూడా ఏదో ఒక బ్రష్ తడవనీ.